ఈస్టర్ వార్తలో ఒక మాట తేడా

సంపాదకులకు,

అయ్యా,

ఈస్టర్ మర్నాడు పత్రికల జిల్లా పేజీల్లో ఏటా ఒకే తీరు వార్త వస్తుంది. తెల్లవారుజామున సమాధుల తోట, సున్నం వేసిన సమాధుల మీద కొవ్వొత్తులు, తెల్ల చీరల్లో ఆడవాళ్లు, మైకు ముందు పాస్టరు గారు. ఫొటోతో పేచీ లేదు. దాని కింద రాసే వాక్యంతోనే ఇబ్బంది. "యేసుక్రీస్తు పునర్జన్మించిన రోజును పురస్కరించుకుని" అని మొదలవుతుంది. అంతకు రెండు మూడు రోజుల ముందు నాయకుల పేరిట గుడ్ ఫ్రైడే శుభాకాంక్షలు కూడా అచ్చయి ఉంటాయి. చనిపోయిన రోజుకు శుభాకాంక్షలు, లేచిన రోజుకు పునర్జన్మ. తెలియక రాసిందే తప్ప ఎవరికీ చెడు ఉద్దేశం లేదు. అయినా ఆ ఒక్క మాటతో క్రైస్తవ విశ్వాసం అంతా తలకిందులవుతుంది. ఆ మాట విలేకరి సొంతంగా కల్పించిందీ కాదు, చాలాసార్లు మన ప్రసంగాల్లోంచే వెళ్తోంది. కాబట్టి ఈ ఉత్తరం పత్రికకు ఎంత చెందుతుందో సంఘాలకూ అంతే.

పునర్జన్మ అంటే జీవుడు ఒక దేహం విడిచి మరో దేహంలో పుట్టడం. వేరే తల్లి, వేరే పేరు, వెనకటి జన్మ గుర్తుండదు. గీత చదివినవారికీ, జాతక కథలు విన్నవారికీ అది తెలిసిన భావన. దాని తర్కం దానికి ఉంది. సువార్తలు చెప్పేది మాత్రం అది కాదు. శుక్రవారం పొద్దుగూకే ముందు ఏ దేహాన్ని గుడ్డల్లో చుట్టి రాతి గుహలో పెట్టారో, ఆ దేహమే ఆదివారం అక్కడ లేదు. శిష్యులకు కనబడినాయన చేతుల్లో మేకుల గుర్తులు, పక్కలో ఈటె గాయం అలాగే ఉన్నాయి. తోమాకు చూపించింది వాటినే. కొత్త జన్మ ఎత్తినవాడికి పాత గాయాలు ఉండవు కదా.

అలాగని చచ్చి బతికిన కథ కూడా కాదు. ఈ తేడాను యోహాను సువార్త గుడ్డలతోనే చూపిస్తుంది. 11వ అధ్యాయంలో లాజరు నాలుగు రోజుల తర్వాత బయటికి వస్తాడు. కాళ్లూ చేతులూ ప్రేతవస్త్రాలతో కట్టి ఉంటాయి, ముఖానికి రుమాలు ఉంటుంది, ఎవరో ఒకరు విప్పాలి. ఆయన మళ్లీ ఒకనాడు చనిపోవాల్సినవాడే, ఆ గుడ్డలతో పని తీరలేదు. 20వ అధ్యాయంలో పేతురు సమాధిలోకి వంగి వెళ్లి చూస్తే నారబట్టలు పడి ఉన్నాయి. తల రుమాలు వాటితో పాటు లేదు, వేరుగా ఒకచోట చుట్టిపెట్టి ఉంది. శవాన్ని ఎవరో ఎత్తుకుపోయారన్న వాదానికి నాలుగో శతాబ్దపు బోధకుడు క్రిసోస్తం ఇక్కడే జవాబు వెతికాడు. యేసు దేహానికని నీకొదేము తెచ్చిన సుగంధ ద్రవ్యాలు, బోళం, అగరు, వంద రోమన్ పౌన్ల ఎత్తు. మన తెలుగు బైబిలులో నూట ఏబది సేర్లు అని ఉంటుంది, నేటి లెక్కలో 33 కిలోల దాకా. బోళం బంకలా పట్టేస్తుంది, బట్టను ఒంటి నుంచి విడదీయడం మాటలు కాదు. దొంగ ఉన్నపళంగా మోసుకుపోతాడే తప్ప, చీకట్లో కూర్చుని గుడ్డలు ఒలిచి, రుమాలు చుట్టిపెట్టి పోడు. దీన్ని రుజువు అనను. కళ్లతో చూసినవాడు గుర్తుపెట్టుకునే చిన్న సంగతి మాత్రం ఇలాగే ఉంటుంది.

ఇంకో పొరపాటు మన భూస్థాపన కూడికల్లో వినిపిస్తుంది. "శరీరం మట్టికి, ఆత్మ దేవుని దగ్గరికి" అని చెప్పి అక్కడితో ముగించేస్తారు. అది సగం మాట. ఆత్మ చావదని గ్రీకుల్లో చాలామంది అప్పటికే నమ్మేవాళ్లు. ఆ మాత్రమే చెప్పి ఉంటే ఏథెన్సులో పౌలును చూసి ఎవరూ నవ్వేవారు కాదు. మృతుల పునరుత్థానం అనగానే కొందరు అపహాస్యం చేశారని అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయం చెబుతుంది. ప్రతి ఆదివారం విశ్వాస ప్రమాణంలో మనం ఒప్పుకునేదీ శరీర పునరుత్థానమే. ఉత్థానం అంటే లేవడం. కార్తీకంలో ఉత్థాన ఏకాదశి అనేవారికి ఆ మాటలోని నిద్ర, మెలకువ కొత్తగా చెప్పక్కర్లేదు. మన కరపత్రాల్లో "ప్రభువునందు నిద్రించారు" అని వేస్తాం. స్మశానానికి తొలి క్రైస్తవులు వాడిన గ్రీకు మాటకు అర్థం పడుకునే చోటు అనే.

వార్తల్లో దొర్లే మరో తప్పు "మూడు రోజుల తర్వాత". శుక్రవారం సాయంత్రం నుంచి ఆదివారం తెల్లవారే దాకా గంటలు లెక్కపెడితే 40కి అటూ ఇటూ వస్తాయి. వెంటనే ఎవరో ఒకరు లెక్క తప్పిందంటారు. తెలుగువాళ్లకు ఇది చిక్కు కాకూడదు. పోయిన రోజునే ఒకటిగా పట్టి మూడో రోజు, పదకొండో రోజు అని లెక్కించే ఇళ్లు మనవి. యూదుల లెక్కా అంతే. పైగా వాళ్లకు రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుంది. శుక్రవారం ఒకటి, శనివారం రెండు, ఆదివారం మూడు. మత్తయి 12:40లో మూడు రాత్రింబగళ్లు అని ఉందిగా అని అడిగేవారు ఎస్తేరు గ్రంథం చూడాలి. 4వ అధ్యాయం చివర మూడు దినాలు రాత్రింబగళ్లు ఉపవాసం ఉండమంటుంది, 5వ అధ్యాయం మొదట్లోనే రాణి ఎస్తేరు మూడో దినాన రాజు ముందు నిలబడుతుంది. కనుక "మూడో రోజున" అని రాస్తే చాలు.

క్రిస్మసుకు తేదీ స్థిరంగా ఉండగా ఈస్టర్ ఎందుకు మారుతుందని ఏటా అడుగుతారు గనుక ఆ సంగతీ నాలుగు ముక్కల్లో. మార్చి 21న గానీ ఆ తర్వాత గానీ వచ్చే మొదటి పున్నమి దాటాక వచ్చే ఆదివారం ఈస్టర్. ఈ పున్నమి సంఘం పట్టికలో లెక్కకట్టింది, ఆకాశంలోని దానికి ఒక రోజు అటూ ఇటూ ఉండొచ్చు. పున్నమే ఆదివారం పడితే వారం జరుగుతుంది. 2025లో పట్టిక పున్నమి ఏప్రిల్ 13 ఆదివారం, కాబట్టి పండుగ 20న వచ్చింది. 2026కి పున్నమి ఏప్రిల్ 2 గురువారం, పండుగ 5న. మార్చి 22కు ముందు, ఏప్రిల్ 25 తర్వాత ఎన్నడూ రాదు. తూర్పు ఆర్థడాక్సు సంఘాలు జూలియన్ పంచాంగం పట్టుకోవడం వల్ల వాళ్లకు 2026లో ఏప్రిల్ 12. ఇక ఈస్టర్ అనేది బాబిలోను దేవత ఇష్తార్ పేరని ఏటా తిరిగే వాట్సాప్ సందేశం ఒకటి ఉంది. ఇంగ్లిషు మాట ఎక్కడినుంచి వచ్చినా, ఆ భాష పుట్టకముందే గ్రీకు, లాటిన్ సంఘాలు ఈ పండుగను పాస్కా అనే పిలుచుకున్నాయి. అది యూదుల పస్కా పండుగ మాటే. గుడ్లు, కుందేళ్లు ఐరోపా వసంతం సరుకు. ఇక్కడ ఈస్టర్ నాటికి రోళ్లు పగిలే ఎండ, ఆవకాయ జాడీలు కడిగే రోజులు. చిగురించే ప్రకృతి లాంటిదే పునరుత్థానం అని ఏప్రిల్ ఎండలో చెబితే వినేవాడికి పొంతన కుదరదు. పొంతన అటుంచి, ప్రకృతిలో చిగురు ఏటా వస్తుంది, సువార్తలు చెప్పేది ఒక్కసారి జరిగిన సంగతి.

ఇప్పుడు అసలు విషయం. పునరుత్థానం జరిగిన ఘడియను ఎవరూ చూడలేదు. నాలుగు సువార్తల్లో ఏ ఒక్కటీ ఆ దృశ్యాన్ని వర్ణించదు. రాయి దొర్లి ఉండటం, సమాధి ఖాళీగా ఉండటం, ఆ తర్వాత ఆయన కనబడటం, ఉన్నది ఇంతే. మెదక్ చర్చిలో పేరున్న మూడు రంగుటద్దాల కిటికీల్లో జననం, సిలువ, ఆరోహణం ఉన్నాయి. సమాధిలోంచి లేస్తున్న ఘడియకు కిటికీ లేదు. గీసినవారు ఏమనుకున్నారో గానీ, సువార్తలకు సరిపడ్డ పనే. క్రైస్తవ సాక్ష్యం లేవడం చూసినవాళ్లది కాదు, లేచినవాణ్ణి చూసినవాళ్లది. కోర్టు భాష తెలిసినవారు ఈ తేడా పట్టుకోగలరు.

కోర్టు అన్నాక అడ్డప్రశ్నలు తప్పవు. సమాధి దగ్గరికి వెళ్లిన స్త్రీలు ఎందరు? మార్కు ముగ్గురి పేర్లు చెబుతాడు: మగ్దలేనే మరియ, యాకోబు తల్లి మరియ, సలోమే. మత్తయిలో ఇద్దరే. లూకాలో సలోమే లేదు, యోహన్న ఉంది, ఇంకొందరూ ఉన్నారు. యోహానులో మరియ ఒక్కతే వెళ్తుంది, కానీ పరుగెత్తుకొచ్చి "ఆయనను ఎక్కడ ఉంచారో మాకు తెలియదు" అన్న అర్థంలో బహువచనంలో మాట్లాడుతుంది. అక్కడ కనబడినవారు మార్కులో ఒక పడుచువాడు, మత్తయిలో ఒక దూత, లూకాలో ఇద్దరు మనుషులు, యోహానులో ఇద్దరు దూతలు. వేళ చూస్తే యోహానులో ఇంకా చీకటి, మార్కులో పొద్దు పొడిచింది. కనబడిన చోటు మత్తయిలో స్త్రీలకు సమాధి దారి, పదకొండుగురికి గలిలయ కొండ. లూకాలో అంతా యెరూషలేము చుట్టుపక్కలే. యోహానులో రెండు చోట్లా. ఈ తేడాలు చదువుకున్న కుర్రాళ్లకు ఫోనులో నిమిషంలో దొరుకుతాయి. బోధకుడు వాటిని దాచి నాలుగూ అతికించిన కథ ఒకటి చెబితే, కుర్రాడు తేడాలు కనుక్కున్న రోజున బోధకుణ్ణి నమ్మడం మానేస్తాడు, దాంతో పాటు మిగతాదీ పోతుంది. తేడాలు చెప్పి, ఆ నలుగురూ ఎక్కడ కలుస్తారో కూడా చెప్పాలి. వారంలో మొదటి రోజు పొద్దున్నే, రాయి తొలగిన సమాధి, అందులో దేహం లేదు, అందరి లెక్కలోనూ మగ్దలేనే మరియ ఉంది, వార్త మొదట ఆడవాళ్లదే.

ఈ చివరిది చిన్న విషయం కాదు. ఆడవాళ్ల సాక్ష్యాన్ని ఒప్పుకోకూడదని అదే శతాబ్దంలో యూదు చరిత్రకారుడు జోసెఫస్ రాశాడు. రెండో శతాబ్దంలో క్రైస్తవాన్ని ఎగతాళి చేసిన సెల్సస్, ఇదంతా మతి చలించిన ఒక ఆడదాని మాట అన్నాడు. అపొస్తలులే మొదట నమ్మలేదు. వారికి అవి "వెఱ్ఱిమాటలుగా" కనబడ్డాయని లూకా 24:11 దాచకుండా చెప్పేస్తుంది. కథ అల్లేవాడు ఆ కాలంలో చెల్లని సాక్షుల్ని ఎంచుకోడు. లేచిన క్రీస్తును చూసినవారంటూ పౌలు కొరింథుకు రాసిన పట్టికలో స్త్రీల పేర్లు లేకపోవడానికీ ఇదే కారణం కావచ్చని పండితుల ఊహ. సువార్తలు మాత్రం వాళ్లను వదల్లేదు. అలాంటి పండుగ రోజున సూర్యోదయ ఆరాధనలో వాక్యం చెప్పేది, ప్రార్థన చేసేది, దీవెన ఇచ్చేది అందరూ మగవాళ్లే, ఆడవాళ్లకు పాటలూ టీ కప్పులూ మిగలడం మాత్రం మన దగ్గర ఇంకా పోలేదు. సీఎస్ఐలో (దక్షిణ ఇండియా సంఘంలో) మొదటి మహిళా బిషప్ 2013లో మన నంద్యాలకే వచ్చారు. మిగతా సంఘాల్లో చాలా వరకు ఆ దారి ఎరగనట్టే ఉంటాయి.

మార్కు సువార్త విషయంలో ఇంకో జాగ్రత్త అవసరం. నాలుగో శతాబ్దపు చేతిరాత బైబిళ్లు, సీనాయి ప్రతి, వాటికన్ ప్రతి, 16:8 దగ్గరే ఆగిపోతాయి. ఆడవాళ్లు భయపడి ఎవరితోనూ ఏమీ చెప్పలేదు, అంతే. 9 నుంచి 20 వరకు ఉన్న వచనాలు తర్వాత చేరాయని పండితుల్లో ఎక్కువమంది మాట. పాముల్ని ఎత్తి పట్టుకోవడం, విషం తాగినా హాని జరగకపోవడం ఆ వచనాల్లోవే. పునరుత్థాన శక్తి అంటూ వాటిని ఆధారం చేసుకుని మందులు మానెయ్యమనేవారు, అద్భుతాల పోస్టర్లు వేసేవారు ఎంత బలహీనమైన కొమ్మ పట్టుకున్నారో సంఘానికి తెలియాలి.

ఈ సాక్షుల పట్టిక ఇచ్చే వాటిలో అన్నిటికన్నా పాత పత్రం సువార్తలు కావు, కొరింథీయులకు పౌలు రాసిన మొదటి ఉత్తరం. సుమారు 53–55 మధ్య ఎఫెసు నుంచి రాశాడు. 15వ అధ్యాయంలో తనకు ముందువాళ్లు అప్పగించిన మాటను తాను అప్పగిస్తున్నానని చెప్పి వరస పెడతాడు: కేఫా (అంటే పేతురు), పన్నెండుగురు, ఒకేసారి ఐదు వందలకు పైగా సహోదరులు, యాకోబు, అపొస్తలులందరు, కడపట తాను. ఆ ఐదు వందల మందిలో ఎక్కువమంది ఇంకా బతికే ఉన్నారంటాడు. కావాలంటే వెళ్లి అడగండని దాని భావం. ఆ వెంటనే తన మీదికే కత్తి తెచ్చుకుంటాడు: "క్రీస్తు లేపబడనియెడల మీ విశ్వాసము వ్యర్థమే." ఇది జరగకపోయినా నీతి బోధ మిగులుతుందిలే అని సర్దుకునే వీలు ఆయన ఉంచలేదు. అలా జరిగి ఉండకపోతే మేము దేవుని విషయంలో అబద్ధసాక్షులం అన్నాడు. అబద్ధసాక్ష్యం మోషే పది ఆజ్ఞల్లో ఒకదాన్ని మీరే నేరం, యూదుడికి ఆ మాట బరువు తెలుసు.

ఈ అధ్యాయం ఎలా ముగుస్తుందో చాలామంది గమనించరు. 58 వచనాలు చావు, విత్తనం, బూర, అక్షయత అని సాగి, మీ ప్రయాస వ్యర్థం కాదన్న మాటతో ఆగుతాయి. పేజీ తిప్పకుండానే 16:1: "పరిశుద్ధులకొరకైన చందా విషయమైతే." యెరూషలేము పేదలకు చందా. ఆదివారం ఆదివారం ప్రతివాడూ తన వరుబడి కొద్దీ తీసి పెట్టుకోవాలి, తాను వచ్చాక హడావిడి వసూళ్లు వద్దు, మోసుకెళ్లేవాళ్లను మీరే ఎన్నుకోండి, వాళ్లకు ఉత్తరాలిచ్చి పంపుతాను. ఎంత పద్ధతిగా ఉందో చూడండి. పునరుత్థానం నుంచి పద్దుపుస్తకానికి మధ్య ఒక్క పేరా ఖాళీ కూడా లేదు. మనం మాత్రం 15వ అధ్యాయం సమాధుల తోటలో చదివి, 16వ అధ్యాయం కమిటీ గదిలో తలుపేసుకుని చదువుతాం. అపొస్తలుల కార్యములు 4వ అధ్యాయంలోనూ ఇదే జోడీ. 33వ వచనంలో పునరుత్థానాన్ని గురించి బహు బలంగా సాక్ష్యమిచ్చారు, 34లో వారిలో ఎవరికీ కొదవ లేదు. రెండో వచనం నిజం కాని ఊళ్లో మొదటిది ఎంత గట్టిగా అరిచినా సాక్ష్యం కింద చెల్లదు.

ఈ మాట మన గడ్డమీద ఒకసారి పరీక్షకు నిలిచింది. 1876–78 కరువులో ఒంగోలు బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్లకు కూలి చూపించాడు. ఎక్కువమంది మాదిగలు. కూలి కోసం మతం పుచ్చుకున్నారన్న మాట రాకూడదని దాదాపు 15 నెలలు బాప్తిస్మాలు ఆపేశాడు. పని ముగిశాక, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏటిలో ఒక్క రోజే 2,222 మంది మునిగి లేచారు. నీళ్లలో దిగి ఇచ్చినవారు తెలుగు బోధకులు ఆరుగురు, ఇద్దరిద్దరు వంతుల వారీగా. రోమా 6:4 ప్రకారం మునగడం క్రీస్తుతో పాతిపెట్టబడటం, లేవడం ఆయనతో లేవడం. సంఖ్య గొప్ప సంగతే. నాకు అంతకన్నా గొప్పగా కనబడేది ఆ 15 నెలల ఆలస్యం. ఇవాళ మతమార్పిడుల మీద వాదన వచ్చినప్పుడల్లా ఇరుపక్షాలూ ఆ లెక్కనే ఎత్తుతాయి, ఆ ఆలస్యాన్ని ఎవరూ ఎత్తరు.

యెరూషలేము యాత్రకు వెళ్లొచ్చినవారు సమాధిని చూశాం, ఇంకేం రుజువు కావాలి అంటుంటారు. అక్కడ చూపించేవి రెండు. తోటలోని సమాధికి ఆ పేరు 19వ శతాబ్దంలో వచ్చింది, ప్రశాంతంగా ఉంటుంది, ప్రార్థనకు బాగుంటుంది, అంతకు మించి ఆధారం తక్కువ. పాత నగరంలోని గుడిని తూర్పు సంఘాలవాళ్లు పునరుత్థాన ఆలయం అంటారు. రోమా చక్రవర్తి కాన్‌స్టంటైన్ కాలంలో కట్టి 335లో ప్రతిష్ఠించారు. 2016లో మరమ్మతులకు పాలరాతి పలకలు ఎత్తినప్పుడు అడుగున సున్నపురాతి అరుగు బయటపడింది. అక్కడి సున్నం పరీక్షిస్తే నాలుగో శతాబ్దం నాటిదని తేలింది. అంటే కాన్‌స్టంటైన్ మనుషులు గుర్తించిన చోటు ఇదే. ఆ అరుగు మీంచి ఎవరైనా లేచారా అన్నది సున్నం చెప్పదు. ఖాళీ సమాధి ఒక్కటే ఎవరినీ విశ్వాసిని చేయలేదు. మరియ కూడా దాన్ని చూసి దేహం ఎత్తుకెళ్లారనే ఏడ్చింది. పేరు పెట్టి పిలిచాకే గుర్తుపట్టింది.

ఆ కాలపు సమాధుల తీరు తెలిస్తే మన స్మశానాల గొడవ ఒకటి తీరుతుంది. రాతి గుహలో అరుగు మీద దేహాన్ని పడుకోబెట్టేవారు. ఏడాదికి అటూ ఇటూగా మాంసం కరిగాక ఎముకలు ఏరి చిన్న రాతి పెట్టెలో సర్ది, అరుగును తర్వాతివాళ్లకు ఖాళీ చేసేవారు. ఆ ఇంట్లో ఎంతమంది పోయినా గుహ ఒకటే. మన తోటల్లో జాగా లేదని ఏళ్లుగా అర్జీలు పెడుతున్నాం, అది న్యాయమే. అయితే జాగాను తినేస్తున్నది సిమెంటు కూడా. కుటుంబానికి ఒక గుంట ఉంచుకుని, పదీ పదిహేనేళ్లకు తెరిచి ఎముకలు ఒక పక్కకు సర్దితే అదే గుంట మళ్లీ పనికొస్తుంది. గ్రానైటు పలకలు పరిచి, ఇనుప గ్రిల్లు బిగించి, పైన పందిరి వేస్తే మరి తెరవలేరు. ఎముకలు కదిపితే పునరుత్థానానికి అడ్డమన్న భయం కొందరిది. పౌలు 15:37లో వట్టి గింజను విత్తుతున్నావని రైతు మాట వాడాడు. వడ్లగింజ మడిలో చివికిపోతేనే మొలక, గింజను డబ్బాలో దాచిపెట్టుకున్నవాడికి పంట ఉండదు. దహనం సంగతీ అంతే. కతోలిక సంఘం 1963 నుంచి దాన్ని ఒప్పుకుంటోంది, పూడ్చడమే మేలంటూనే. బూడిదను చల్లకుండా, ఇళ్లలో పంచుకోకుండా పవిత్రమైన చోట ఉంచాలని 2016లో స్పష్టం చేసింది. దహనం చేసుకున్నవారిని వెలివేసినట్టు చూడటం అజ్ఞానమే.

జాగా కన్నా పెద్ద జబ్బు గేటు దగ్గర ఉంది. కులాన్ని బట్టి సమాధుల వరసలు వేరు చేసిన తోటలు, సంఘం పేరు అడిగి తాళం తీసే కమిటీలు, శవాన్ని బయట పెట్టుకుని సభ్యత్వ చందా బాకీ లెక్క తీసేవారు మన రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నారు. స్వతంత్ర సంఘాల పేదలకు ఏ తోటా తనది కాదు. యేసును పెట్టిందే అరిమతయియ యోసేపు తన కోసం తొలిపించుకున్న గుహలో, అంటే పరాయి సమాధిలో. ఈస్టర్ పొద్దున "సమాధి ఆయనను ఆపలేదు" అని పాడి, సోమవారం ఎవరి శవాన్నో గేటు దగ్గర ఆపితే ఆ పాటను నమ్మేదెవరు?

మైకుల సంగతి. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్ స్పీకర్లు కూడదు. ఏప్రిల్ మొదటి వారంలో విజయవాడలో పొద్దు పొడిచేది ఆరింటికి కాస్త అటూ ఇటూగా. తెల్లవారుజామున నాలుగున్నరకు నాలుగు బాక్సులు పెట్టి ఊరేగితే సూర్యోదయ ఆరాధన కాదు, పక్కింటివాడి నిద్రతో తగాదా. పరీక్షల రోజులు కూడా. గొంతుతో పాడితే సమాధుల తోటలో చివరి వరస దాకా వినబడుతుంది. ఆరు దాటాక బాక్సు పెట్టుకోవచ్చు. మొదటి ఈస్టర్ పొద్దున ఆడవాళ్లు సుగంధ ద్రవ్యాలు పట్టుకుని చప్పుడు లేకుండా వచ్చారు. పేతురు మొదటి పత్రిక 3:15 కూడా మీ నిరీక్షణకు కారణం అడిగినవారికి సాత్వికంతో, భయంతో జవాబు చెప్పమంటుంది. అడిగినవారికి, అని గమనించాలి.

కతోలిక గుళ్లలో శనివారం రాత్రి పాస్కా జాగరణలో ఇదంతా మాటలకన్నా బాగా కనిపిస్తుంది, సరిగా చేస్తే. గుడి దీపాలన్నీ ఆర్పి బయట నిప్పు రాజేస్తారు. పెద్ద కొవ్వొత్తి మీద సిలువ, గ్రీకు మొదటి, చివరి అక్షరాలైన ఆల్ఫా, ఒమేగా, ఆ ఏడాది నాలుగు అంకెలు చెక్కి, ఐదు గాయాల గుర్తుగా ఐదు సాంబ్రాణి గింజలు గుచ్చుతారు. మూడు చోట్ల ఆగి క్రీస్తు జ్యోతి అని పాడుతూ లోపలికి తెస్తే, ఆ ఒక్క వత్తి నుంచి వందల వత్తులు వెలుగుతాయి. పాత నిబంధన పఠనాలు ఏడు. కుదించినా మూడుకు తగ్గకూడదు, ఎర్ర సముద్రం దాటిన నిర్గమకాండం 14 మానకూడదు. చెడేది ఎక్కడంటే, జనం ఇళ్లకు పోవాలని ఆరింటికే, ఇంకా పొద్దుండగానే మొదలుపెట్టడం. చీకటి పడ్డాకే మొదలవ్వాలని నియమం. వెలుతుర్లో వెలిగించిన కొవ్వొత్తిని ఎవరు చూస్తారు? ఫొటోగ్రాఫరు ఫ్లాష్ లైటు మిగతా పని పూర్తి చేస్తుంది.

పత్రికకు మనవి మూడే. పునర్జన్మ బదులు పునరుత్థానం అనండి. మూడో రోజున లేచాడని రాయండి. గుడ్ ఫ్రైడేకు శుభాకాంక్షలు తీసేసి, స్మరించుకున్నారని వేయండి. ఇంకొకటి కూడా, వీలైతేనే. వచ్చే ఏడు సమాధుల తోటకు వచ్చే మీ విలేకరిని, పాస్టరు గారి దగ్గరికి వెళ్లే ముందు అక్కడ భర్త సమాధి దగ్గరో, బిడ్డ సమాధి దగ్గరో కొవ్వొత్తి పట్టుకుని నిలబడ్డ ఒక అమ్మను పలకరించమనండి. ఎందుకొచ్చావమ్మా అని అడిగి, ఆమె చెప్పిన మాటను దిద్దకుండా వేయండి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
గుంటూరు